బుగ్గల మీద పోని ఎరుపుకి అజెలాయిక్ యాసిడ్ 15 శాతం జెల్: పూతరేకుల పొయ్యి దగ్గర కూర్చునే మనిషి రివ్యూ

ముందే చెప్పేస్తానండీ, జెల్ పని చేసింది. రొజేషియా అనే చర్మపు జబ్బులో బుగ్గల మీదా ముక్కు మీదా ఎప్పుడూ ఉండిపోయే ఎరుపు, దాని మీద లేచే చిన్న చిన్న పొక్కులు, అవి మానాక మిగిలే నల్ల మచ్చలు, ఈ మూడింటికీ బాగా పని చేసింది. ఉన్నట్టుండి మొహంలోకి వేడి తన్నుకొచ్చి చెవుల దాకా ఎర్రగా అయిపోవడం ఉంటుంది చూడండి, దానికి మాత్రం ఇది పని చెయ్యదు. ఈ రెండూ వేరు వేరు అని ఎవరూ విడమర్చి చెప్పకపోవడం వల్లే చాలామంది ఓ ట్యూబు కొని, నెల తిరక్కుండానే ఏం లాభం లేదు డబ్బులు దండగ అని పక్కన పడేస్తున్నారు, మా చుట్టాల్లోనే అలా పడేసిన వాళ్ళున్నారు, అంచేత కాస్త వివరంగా రాస్తున్నాను, పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది ఆత్రేయపురం దగ్గరండీ, ఇంట్లో పూతరేకుల పని. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, రేకు తియ్యడమంటే బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, బియ్యం నానబోసి బాగా పల్చగా రుబ్బిన పిండిలో తెల్లగుడ్డ ముంచి, కాలే కుండ మీద ఒక్క లాగు లాగి, పొరలా వచ్చిన రేకుని చిరక్కుండా ఎత్తడం. మనిషి కుండని ఆనుకున్నట్టే కూర్చోవాలి, మొహం దాని మీదకే ఉంటుంది, లేకపోతే రేకు కుదరదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ, అంటే ఊరి పేరు మీద ఇచ్చే భౌగోళిక గుర్తింపు వచ్చింది, మా అందరికీ ఎంత సంతోషమో చెప్పలేను, కానీ ఆ రేకు తీసే ఆడవాళ్ళ మొహాల సంగతి ఎవరూ పట్టించుకోరు. నిప్పు దగ్గర కూర్చుంటే ఎర్రబడదా అమ్మాయ్ అని మా అత్తయ్యగారు కూడా అనేవారు. ఎర్రబడుతుంది, కాదనను. కానీ పొయ్యి ఆరిపోయి, స్నానం చేసి, రాత్రి భోజనాలయ్యాక కూడా ఎరుపు దిగకపోతే, తెల్లారి లేచి అద్దం చూసుకుంటే అలాగే ఉంటే, దాన్ని పొయ్యి సెగ అని సరిపెట్టుకోకూడదండీ.

మన రంగు మీద ఇది తొందరగా తెలీదు. తెల్లటి వాళ్ళ మీదైతే గులాబీ రంగులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, చామనఛాయ మీద బుగ్గలు ముదురు రంగుకి తిరిగినట్టో, కమిలినట్టో ఉంటుంది అంతే. అంచేత ఒకరు వేడి చేసిందంటారు, ఒకరు బీపీ చూపించుకోమంటారు, ఒకరు ఎండ కందు అంటారు, రాత్రి పూట మీ ఆయన కొట్టేడా అని అడిగిన మనిషి కూడా ఉంది. మనం మనకి మనం గుర్తు పట్టాలంటే రంగు కన్నా స్పర్శ నమ్ముకోవాలి. బుగ్గ ముట్టుకుంటే వెచ్చగా ఉండటం, సబ్బు పెడితే చురుక్కుమనడం, ఎప్పుడూ వాడే పౌడరు కూడా మంటెక్కడం, పొక్కులు వచ్చినా మొటిమల్లో ఉండే బ్లాక్‌హెడ్స్ లేకపోవడం, ఇవి చూసుకోండి. కళ్ళలో ఇసుక పడ్డట్టు గరగరలాడి ఎర్రబడుతుంటే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి, ఈ జబ్బు కళ్ళకి కూడా పాకుతుంది, అప్పుడు కంటి డాక్టర్ని కూడా కలవాలి.

నేను రాజమండ్రి దానవాయిపేటలో ఒక స్కిన్ డాక్టరు గారికి చూపించుకున్నాను. బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం బ్యారేజీ దాటి వెళ్ళేసరికే ఎండకి మొహం మండిపోతోంది, ఒక రకంగా అదీ మంచిదే అయింది, మేడం గారు ఉన్నదున్నట్టు చూసేరు. చిన్న గాజు పలకతో బుగ్గ మీద నొక్కేరు, నొక్కినప్పుడు ఎరుపు పోయింది, వదలగానే మళ్ళీ వచ్చేసింది, అంటే చర్మం కింద సన్నటి రక్తనాళాలు వెడల్పై ఉన్నాయన్నమాట. తర్వాత కీళ్ళ నెప్పులున్నాయా, నోట్లో పుళ్ళు వస్తాయా, జుట్టు రాలుతోందా, ఎండలోకి వెళ్తే జ్వరంలా ఉంటుందా అని వరసాగ్గా అడిగేరు, రక్తపరీక్ష కూడా రాసేరు. ఎందుకండీ అంటే, లూపస్ అని ఒకటుంది, దాంట్లోనూ బుగ్గలు ఇలాగే ఎర్రబడతాయి, అది లోపల కిడ్నీల దాకా వెళ్ళే జబ్బు, ముందు అది కాదని తేల్చుకోవాలి తల్లీ అన్నారు. కొన్ని బీపీ మాత్రల వల్ల కూడా మొహం ఎర్రబడుతుందట, ఆమ్లోడిపిన్ లాంటివి, అంచేత మీరు వాడే మాత్రలన్నీ చెప్పాలి. అన్నీ చూసి రొజేషియా అని తేల్చేరు. ఇది అంటుకునేది కాదు, శుభ్రం లేక వచ్చేది కాదు, పూర్తిగా పోయేదీ కాదు, కానీ అదుపులో పెట్టుకోవచ్చు. ఆ మాట స్పష్టంగా చెప్పినందుకే ఆ డాక్టరు గారంటే నాకు గౌరవం, నెలలో తెల్లగా చేసేస్తామని ఎవరైనా అంటే లేచి వచ్చెయ్యండి.

ఇక జెల్ సంగతి. చీటీ మీద బ్రాండు పేరుతో పాటు మందు పేరు కూడా రాసి ఉంటుంది, అజెలాయిక్ యాసిడ్ 15 శాతం జెల్. చాలా కంపెనీలు చేస్తున్నాయి, ధర కంపెనీని బట్టి మారుతుంది, నేను ఒక కంపెనీ అని చెప్పను, మందు పేరు, శాతం, జెల్లా క్రీమా అన్నది చూసుకోండి చాలు. గోధుమల్లో, బార్లీలో సహజంగా ఉండే యాసిడ్ ఇది, మన చర్మం మీద ఉండే ఒక రకం ఫంగస్ కూడా దీన్ని తయారు చేస్తుందట. అలాగని గోధుమపిండి కలిపి మొహానికి పట్టిస్తే సరిపోతుందని మా ఆడపడుచు అన్నట్టు మీరూ అనుకోకండి, పిండిలో ఉన్నది లెక్కలోకి రాదు, ఇక్కడ నూటికి పదిహేను పాళ్ళు మందు ఉంటుంది. రొజేషియా ఉన్నవాళ్ళ చర్మంలో వాపు పుట్టించే కొన్ని ప్రోటీన్లు ఎక్కువై ఉంటాయి, వాటిని ఇది తగ్గిస్తుంది, పైగా నల్లరంగు పదార్థం తయారవడాన్ని కూడా కాస్త అడ్డుకుంటుంది. నాకు ఇదే అన్నిటికన్నా నచ్చింది, మన రంగు వాళ్ళకి ఎరుపు తగ్గాక నల్ల మచ్చ మిగలడం పెద్ద బాధ, ఒకే మందు రెండూ చూసుకోవడం మామూలు విషయం కాదు.

వాడే పద్ధతి. గోరువెచ్చగా కూడా కాదు, మామూలు నీళ్ళతో నురగ ఎక్కువ రాని ఫేస్‌వాష్‌తో కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద రాస్తే మంట రెట్టింపు అవుతుంది. తర్వాత మొత్తం మొహానికి బఠానీ గింజంత. మేడం గారు మొదట రోజు విడిచి రోజు రాత్రి పూట మాత్రమే రాయమన్నారు, అలవాటయ్యాక రోజూ రాత్రి, ఆ తర్వాత పొద్దున్న కూడా. మొదటి రెండు మూడు వారాలూ గట్టిగా ఉండాలండీ, రాసిన పావుగంటకి మొహం మీద ఎర్రచీమలు పాకినట్టే ఉంటుంది. చాలామంది ఇక్కడే మానేస్తారు. కాసేపటికి తగ్గిపోయే చురుకైతే పర్వాలేదు, కానీ మొహం వాచిపోయినా, తెల్లారినా మంట దిగకపోయినా ఆపేసి డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. జెల్ ముందు మాయిశ్చరైజర్ రాసుకుని దాని మీద జెల్ రాస్తే నాకు బాగా కుదిరింది, అందరూ జెల్ ముందే రాయాలంటారు, మొదట్లో మాత్రం ఇలా మొదలెట్టినా తప్పులేదని డాక్టరు గారే చెప్పేరు. కంటి దగ్గరకి పోనివ్వకండి, ముక్కు పక్క మడతలో ఎక్కువ పేరుకోనివ్వకండి, అక్కడే ఎక్కువ మంట పుట్టేది.

ఎప్పుడు తెలిసింది అంటే, ముందు పొక్కులు తగ్గేయి. కొత్తవి రావడం ఆగింది, పాతవి మానేయి. ఎరుపు ఆ తర్వాత, చాలా నెమ్మదిగా, నాకు నేను గుర్తుపట్టలేదు, ఓ పెళ్ళి ఆర్డరు ఇవ్వడానికి రావులపాలెం నుంచి వచ్చిన వదిన గారు ఏమ్మా మొహం తేటబడింది అన్నారు, అప్పుడు పాత ఫోటోలు తీసి చూసుకున్నాను. మూడు నెలలు వాడి చూడాలి, అప్పటికీ ఏమీ తేడా లేకపోతే ఇంక దీన్ని పట్టుకుని కూర్చోకుండా డాక్టర్ని మళ్ళీ కలవాలి, ఇదీ లెక్క. ఒకే వెలుతురులో, ఒకే కిటికీ దగ్గర, పొద్దున్నే మొహం కడగక ముందు ఫోటో తీసుకుని పెట్టుకోండి, అద్దం రోజూ చూసే మనిషికి తేడా చెప్పదు. నల్ల మచ్చలైతే ఇంకా ఆలస్యం, కానీ తగ్గేయి.

నచ్చనివి కూడా చెప్పాలి కదా. ట్యూబు చిన్నది, రెండు పూటలా రాస్తే తొందరగా అయిపోతుంది, ప్రతి నెలా ఖర్చు అన్నమాట, మధ్యలో మానేస్తే నెమ్మదిగా మళ్ళీ మొదలవుతుంది. జెల్ ఆరకుండా మీద సన్‌స్క్రీన్ రాస్తే ఉండలు ఉండలుగా రాలి వస్తుంది, కనీసం పది పదిహేను నిమిషాలు ఆగాలి, పొద్దున్నే పిల్లల క్యారేజీలు, స్కూలు ఆటో, పిండి రుబ్బుకోవడం వీటి మధ్య ఆ పది నిమిషాలు దొరకడం ఎంత కష్టమో ఇల్లు నడిపే వాళ్ళందరికీ తెలుసు. నేను పళ్ళు తోముకోగానే రాసేసి, టిఫిన్ పనయ్యాక సన్‌స్క్రీన్ రాస్తున్నాను.

మందుల షాపు దగ్గర జాగ్రత్తండీ. మా దగ్గర్లో ఒక షాపులో ఈ జెల్ లేదని ఇదీ అదే అమ్మా అని 20 శాతం క్రీమ్ ఇచ్చేరు, శాతం ఎక్కువ కాబట్టి ఇంకా బాగా పని చేస్తుందని కూడా అన్నారు. అది మొటిమలకి, మంగుకి రాసేది. జెల్‌లో శాతం తక్కువైనా మందు చర్మంలోకి బాగా దిగుతుంది, రొజేషియాకి ఎక్కువగా రాసేది 15 శాతం జెల్‌నే. నేను చీటీ చూపించి వెనక్కి ఇచ్చేసి రాజమండ్రి నుంచి తెప్పించుకున్నాను. మరో షాపులో ఇంకా ఘోరం, ఎరుపు అనగానే చీటీ అడక్కుండా ఓ చిన్న ట్యూబు చేతిలో పెట్టేరు, రెండ్రోజుల్లో పోతుంది అని. పేరు చదివితే స్టెరాయిడ్.

దీని గురించి గట్టిగా రాయాలి, ఎందుకంటే మా తోటికోడలు దీనితోనే నానా బాధా పడింది. పెళ్ళికి ముందు ఎవరో చెప్పేరని తెల్లబడే క్రీమ్ అని రాసుకుంది, మొదట్లో మొహం నిజంగానే మెరిసింది, అందరూ ఏం రాస్తున్నావు అని అడిగేరు, మానేసిన రెండు మూడు రోజులకే మొహం అంతా ఎర్రగా మంటెత్తిపోయింది, మళ్ళీ రాస్తే తగ్గింది, మానితే వచ్చింది, అలా రాయకుండా ఉండలేని స్థితికి వచ్చేసింది. చర్మం పల్చబడిపోయి లోపల రక్తనాళాలు ఎర్రటి దారాల్లా బయటకి కనిపించేవి, బుగ్గల మీద నూగు వెంట్రుకలు కూడా వచ్చేయి. మన దేశంలో ఆగని మొహం ఎరుపుకి ఇదొక పెద్ద కారణమండీ, మన చర్మ డాక్టర్ల సంఘం దీని మీద ప్రత్యేకంగా పోరాడుతోంది, 2018లో కేంద్రం ఈ స్టెరాయిడ్ క్రీములని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అమ్ముతూనే ఉన్నారు. ట్యూబు మీద బెటామెథసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్ ఈ పేర్లలో ఏది కనిపించినా, డాక్టరు ఇన్ని రోజులు అని రాసి ఇస్తే తప్ప మొహానికి రాయకండి. ఇప్పటికే రాస్తున్నవాళ్ళు ఈ రివ్యూ చదివి ఒక్కసారిగా మానేసి అజెలాయిక్ మొదలెట్టేయకండి, ఆ పల్చబడిన చర్మం మీద ఇది విపరీతంగా మండుతుంది, ముందు డాక్టరు దగ్గరకి వెళ్ళండి, నెమ్మదిగా మానిపిస్తారు. మా తోటికోడలికి చాలా నెలలు పట్టింది, ఇప్పుడు బాగుంది.

ఇంక మొదట్లో చెప్పిన రెండోది, ఉన్నట్టుండి తన్నుకొచ్చే ఎరుపు. వేడి తగిలినా, కారం తిన్నా, నలుగురిలో ఎవరైనా పేరు పెట్టి పిలిచినా నరాలు ఒక్కసారి సంకేతం ఇస్తాయి, మొహంలో రక్తనాళాలు తెరుచుకుంటాయి, రక్తం వచ్చేస్తుంది. జెల్ ఆ నరాల జోలికే వెళ్ళదు. కాకపోతే ఇలా మాటిమాటికీ రావడం వల్ల నిలిచి ఉండే ఎరుపు కూడా పెరుగుతుంది, అంచేత జెల్ రాస్తూ పొయ్యి దగ్గర కూర్చోవడం ఎప్పటిలాగే చేస్తే కష్టమంతా వృథా. ఇంట్లో గొడవ పడైనా సరే నేను కొన్ని మార్చుకున్నాను. రేకు తీసే పని తెల్లవారుజామునే మొదలెట్టి ఎండెక్కక ముందే లేచిపోతాను. పొయ్యి ఉన్న పాకకి ఎదురెదురుగా తడకలు తీసేసి గాలి ఆడేలా చేసుకున్నాం, ఫ్యాను కుండ మీదకి కాకుండా నా మొహానికి పక్క నుంచి తగిలేలా పెట్టించేను, ఎదురుగా పెడితే మంట చెదిరి రేకు పాడవుతుంది. కుండ దగ్గర ఒక్కసారే గంటలు గంటలు కూర్చోకుండా అత్తయ్యగారూ నేనూ మార్చుకుంటున్నాం, ఒకరు రేకు తీస్తే ఒకరు నెయ్యి, బెల్లప్పొడి వేసి చుడతారు. పక్కన చల్లటి నీళ్ళలో తడిపిన గుడ్డ పెట్టుకుని మెడ మీదా మొహం మీదా అద్దుకుంటాను, చల్లటి నీళ్ళు కాసేపు నోట్లో పట్టుకుని మింగితే కూడా పొంగు తొందరగా దిగుతుంది, ఐస్‌ముక్క పెట్టి మొహం మీద నేరుగా రుద్దడం మాత్రం వద్దు, అది మళ్ళీ మంటే.

తిండి విషయంలో అందరికీ ఒకటే సూత్రం లేదు. ఎవరికి ఏది పడదో వాళ్ళే చూసుకోవాలి, ఓ నోటు పుస్తకంలో ఎప్పుడు ఎర్రబడింది, అంతకు ముందు ఏం తిన్నాను ఎక్కడున్నాను అని రాసుకుంటే కొన్ని వారాల్లో తెలిసిపోతుంది. నాకు కొత్తావకాయ వేడన్నంలో కలుపుకుంటే ముద్ద గొంతు దిగేలోపే మొహం ఎర్రబడుతుంది, చల్లారిన అన్నంలో కాస్త కలుపుకుంటే అంత రాదు, అంటే కారం సగం, వేడి సగం. గోదారి జిల్లాలో పుట్టి ఆవకాయ మానెయ్యమంటే ఎలాగండీ, మానలేదు, తగ్గించేను. టీ కూడా అంతే, పొగలు కక్కుతుండగా తాగేదాన్ని, ఇప్పుడు గోరువెచ్చగా అయ్యాక తాగుతున్నాను, టీ మానక్కర్లేదు వేడి తగ్గించుకోండి చాలు అన్నారు మేడం గారు. మగవాళ్ళకైతే తాగుడు పెద్ద కారణమవుతుంది, అలాగని మొహం ఎర్రగా ఉన్న ప్రతి మనిషీ తాగుతాడని అనుకోవడం చాలా అన్యాయం, మా అన్నయ్యకీ ఇదే ఉంది, జీవితంలో చుక్క ముట్టని మనిషి, భీమవరంలో చెరువుల మీద తిరిగే ఉద్యోగం, ఎండకి ఎర్రబడితే పొద్దున్నే వేసేసేడు అని వెనకాల అనుకునేవారట, ఆ మాట చెబుతూ వాడి గొంతు పూడుకుపోయింది.

నిమ్మరసం, సున్నిపిండి గురించి తప్పకుండా అడుగుతారని తెలుసు. నిమ్మరసం అస్సలు వద్దు. సున్నిపిండి ఒంటికి వాడుకోండి, మొహం మీద రుద్దకండి, భోగి నాడు కూడా, ఆ పూట ఎలాగూ భోగిమంట సెగ తగులుతుంది, దాని మీద నలుగు కూడా పెడితే పండగంతా మండుతూనే ఉంటుంది. ఆవిరి పట్టడం, బ్యూటీ పార్లర్లో ఫేషియల్, బ్లీచ్, స్క్రబ్ ఇవన్నీ మానేసేను.

సన్‌స్క్రీన్ లేకుండా ఈ జెల్ వాడి ప్రయోజనం లేదు. ఎస్‌పీఎఫ్ 30 పైన, జింక్ ఆక్సైడ్ ఉన్నది తీసుకోండి, అది చర్మం మీదే పొరగా ఉంటుంది, మంట తక్కువ. తెల్లగా పూసినట్టు కనిపిస్తుంది, మన రంగు మీద మరీను, కొంచెం గోధుమ రంగు కలిపినవి దొరుకుతున్నాయి, అవి నయం, ఎరుపు కూడా కప్పేస్తాయి. మన ఉక్కపోతకి చెమటతో కారిపోతుంది కాబట్టి రెండు మూడు గంటలకోసారి మళ్ళీ రాయాలి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మిట్టమధ్యాహ్నం వెళ్ళి వచ్చినప్పుడు సన్‌స్క్రీన్, గొడుగు, వెడల్పు చున్నీ మూడూ ఉంటే గానీ నిలబడలేకపోయాను. కాలవ గట్టు మీద బండి నడిపేటప్పుడు నూలు చున్నీ కట్టుకోండి, సిల్కుది గాలి ఆడక లోపల ఆవిరి పట్టినట్టవుతుంది.

మిగతా మందుల సంగతి క్లుప్తంగా. మెట్రోనిడజోల్ జెల్ కూడా ఇస్తారు, మంట తక్కువ, సున్నితమైన చర్మానికి మంచిది, నల్ల మచ్చలకి మాత్రం ఉపయోగం లేదు. ఐవర్‌మెక్టిన్ 1 శాతం క్రీమ్ పొక్కులు ఎక్కువున్నవాళ్ళకి, మన చర్మం మీద కంటికి కనపడని డెమోడెక్స్ అనే పురుగులు అందరికీ ఉంటాయి, ఈ జబ్బులో ఎక్కువవుతాయి, వాటిని తగ్గిస్తుంది. పొక్కులు మరీ ఎక్కువైతే డాక్సీసైక్లిన్ మాత్రలు తక్కువ డోసులో రాస్తారు. బ్రిమోనిడిన్ జెల్ అని ఉంది, కంట్లో ప్రెజర్‌కి వేసే చుక్కల్లో ఉండే మందే, అమెరికాలో 2013లో ఈ ఎరుపుకి అనుమతి ఇచ్చేరు, అరగంటలో రక్తనాళాలని ముడిచి ఎరుపు తగ్గించేస్తుంది, పెళ్ళికో ఇంటర్వ్యూకో పనికొస్తుంది, కానీ దాని ప్రభావం దిగాక కొంతమందికి ముందుకన్నా ఎక్కువ ఎర్రబడుతుంది, అంచేత నేను వద్దనుకున్నాను. బయటకి కనిపించే ఎర్రటి రక్తనాళాలు ఏ క్రీముకీ పోవు, దానికి లేజర్ ఉంది, ఖర్చు ఎక్కువ, చాలా సిట్టింగులు, మన రంగు చర్మానికి నల్ల మచ్చలు పడే ప్రమాదం ఉంది కాబట్టి మన చర్మం మీద బాగా చేసిన అనుభవం ఉన్నవాళ్ళ దగ్గరే.

జబ్బు లేకుండా కేవలం నలుగురిలోకి వెళ్తేనే ఎర్రబడే పిల్లలు ఉంటారు, కాలేజీలో సెమినార్ అంటే వణికిపోతారు. వాళ్ళకి ఈ జెల్ కొనకండి, అసలు పనికి రాదు. ఎర్రబడతానేమో అన్న భయమే మళ్ళీ ఎర్రబడేలా చేస్తుంది, ఆ భయాన్ని తగ్గించే కౌన్సెలింగ్ ఉంది, సైకాలజిస్టుని కలిస్తే నిజంగా ఉపయోగం, అవసరమైతే డాక్టరు ప్రొప్రనొలాల్ లాంటి మాత్ర రాస్తారు, ఉబ్బసం ఉన్నవాళ్ళు అది వేసుకోకూడదు, చుట్టాల మాత్ర తెచ్చి వేసుకునేది అసలే కాదు. ఛాతీలో నరం కత్తిరించే ఆపరేషన్ ఒకటుందని వీడియోలు చూసి అడుగుతున్నారు, దాని తర్వాత మొహానికి బదులు వీపుకీ పొట్టకీ కాళ్ళకీ విపరీతంగా చెమట పట్టడం చాలామందికి వస్తుంది, మళ్ళీ వెనక్కి తిప్పలేరు, రోహిణి కార్తెలో మన దగ్గర ఉండే ఉక్కకి ఆ బతుకు ఎలా ఉంటుందో ఆలోచించండి. నాకు ఎక్కువ సాయం చేసింది ముందే చెప్పెయ్యడం. ఆర్డరు కోసం వచ్చినవాళ్ళతో నాకు మొహం ఎర్రబడే చర్మం అండీ జ్వరం కాదు అని మొదటి మాటలోనే అనేస్తాను, ఇంక వాళ్ళు అడగరు, నేను ఎదురు చూడను.

మొత్తం మీద ఈ జెల్‌కి ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటీ మొదటి వారాల మంటకీ, చిన్న ట్యూబుకీ. గర్భంతో ఉన్నవాళ్ళకి కూడా డాక్టర్లు దీన్ని రాస్తుంటారు, డాక్సీసైక్లిన్ అయితే ఆ సమయంలో వద్దు, కానీ కడుపుతో ఉన్నప్పుడు ఏదైనా అడిగే వాడాలి. ప్రైవేటు ఫీజు కష్టమైతే కాకినాడ జీజీహెచ్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంది, అమలాపురం వైపు వాళ్ళకి కిమ్స్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి దగ్గర. ఎక్కడికి వెళ్ళినా మొహానికి ఇప్పటిదాకా రాసిన ట్యూబులు, డబ్బాలు, పార్లర్లో ఇచ్చినవి, పక్కింటి వాళ్ళు ఇచ్చినవి, ఖాళీవైనా సరే ఓ సంచిలో వేసి తీసుకెళ్ళండి, పొయ్యి దగ్గర పని చేస్తామని కూడా చెప్పండి, వాళ్ళు అడగకపోయినా.